‘నోటికి ఏమీ ఇవ్వరాదు’ గారికి ఒక ఉత్తరం

లేబర్ రూమ్ తలుపు మీద వెలసిన ‘నోటికి ఏమీ ఇవ్వరాదు’ బోర్డు గారికి,

నమస్కారాలు. ఏకాదశి ఉపవాసం చేసే మా అత్తగారు కూడా ఓ అరటిపండు, గ్లాసుడు పాలు పుచ్చుకునేవారు. తమరి నిష్ఠ ముందు ఆవిడ బలాదూర్. తెల్లారుజామున నొప్పులతో వచ్చిన పిల్ల పొద్దుగూకేదాకా కనకపోయినా సరే, గుక్కెడు నీళ్ళకు దిక్కుండదు. నాలుక పిడచగట్టిందంటే ‘దూది తడిపి పెదాలకు అద్దండి’ అని జవాబు. బయట బెంచీ మీద వాళ్ళమ్మ ఫ్లాస్కులో రాగిజావ పట్టుకుని కూర్చుంటుంది. చివరికి, ‘పారబోయడమెందుకులే’ అని దాన్ని అల్లుడికి పోస్తుంది. కష్టం ఒకరిది, జావ ఒకరిది.

తమరి పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకున్నాను. 1946లో కర్టిస్ మెండెల్సన్ అనే న్యూయార్క్ డాక్టరు ఒక వ్యాసం రాశారు. 1932 నుంచి 1945 దాకా జరిగిన 44,016 కాన్పులు లెక్క తీస్తే, మత్తులో ఉండగా కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయిన కేసులు 66 తేలాయి. అందులో ఇద్దరు తల్లులు తిన్న తిండే అడ్డం పడి ఊపిరాడక చనిపోయారు. ముఖానికి మాస్కు పెట్టి ఈథర్ లాంటివి పీల్పించే రోజులవి. ఆయన భయపడటంలో తప్పు లేదు. కుందేళ్ళ ఊపిరితిత్తుల్లో ఆమ్లం పోసి మరీ పరీక్షించారు పాపం. (పాపం అన్నది కుందేళ్ళని.)

అయితే ఆయన చెప్పింది ఒక్క పస్తు సంగతే కాదు. లోకల్ మత్తు ఎక్కువ వాడండి, మత్తిచ్చేవాళ్ళు పని తెలిసినవాళ్ళై ఉండాలి, సామాను సరిగ్గా ఉండాలి అని కూడా అన్నారు. అవన్నీ డబ్బుతో పని. తమరికైతే ఓ అట్టముక్క, రెండు మేకులు చాలు.

ఇప్పుడు సిజేరియన్లు చాలామటుకు వెన్నుకు సూది వేసి, తల్లి మెలకువగా ఉండగానే చేస్తున్నారు. పోనీ, పస్తుంచితే కడుపు ఖాళీ అవుతుందని తమరు హామీ ఇస్తారా? నొప్పుల్లో అరుగుదల మందగిస్తుంది, ఆమ్లం మాత్రం ఊరుతూనే ఉంటుంది. 3,130 మంది మీద జరిగిన అధ్యయనాలను, వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ వాళ్ళు కలిపి చూస్తే, రిస్కు తక్కువున్నవాళ్ళను పస్తుంచినందుకు లాభమూ కనబడలేదు, తిననిస్తే నష్టమూ కనబడలేదు. అలాంటివాళ్ళకు తిండీ నీళ్ళూ ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. ఆ కబురు తమరి తలుపు దాకా రాలేదేమో.

‘ఏ నిమిషాన ఆపరేషన్ అవసరమవుతుందో ఎవరికి తెలుసు’ అంటారు. నిజమే. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. తమరి అనుమానాన్ని నిజం చేయడానికి మనవాళ్ళు ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తున్నారు.

థియేటర్‌కు తీసుకెళ్ళబోయే మనిషి దగ్గర, బిడ్డ గుండె చప్పుడు తేడాగా ఉన్నచోట తమరు ఉండాల్సిందే. కాదంటే నాదే మూర్ఖత్వం. నా గొడవల్లా మంచాలన్నిటికీ ఒకే బోర్డు ఏమిటని. మా అమ్మమ్మ కాలంలో నొప్పులు రాగానే జీలకర్ర కషాయం ఇచ్చేవాళ్ళు. దొంగ నొప్పులైతే తగ్గుతాయని, అసలువైతే ఎక్కువవుతాయని నమ్మకం. అందులో నిజమెంతో గానీ, గొంతైనా తడిసేది.

మా అమ్మాయికి నెలలు నిండాయి. డాక్టరమ్మను ముందే అడిగాం. అంతా మామూలుగా ఉంటే కొబ్బరినీళ్ళు, పల్చటి జావ కొంచెం కొంచెం ఇవ్వొచ్చన్నారు. ఆవిడ గదికీ తమరి తలుపుకీ మధ్య ఒక్క వరండాయే అడ్డం. ఈలోగా ఇద్దరూ ఓసారి మాట్లాడుకుని ఒక మాట మీదికి రండి.

ఇట్లు,
కూతురి పురిటికి రాబోతున్న ఒక తల్లి