మళ్లీ పోయించారు, మళ్లీ కట్టించారు

ఇప్పుడే విజయవాడ సూర్యారావుపేటలో ల్యాబ్ నుంచి ఇంటికొచ్చా. కడుపులో నీళ్లు ఇంకా ఊగుతున్నాయి, ఒళ్లు మాత్రం మండిపోతోంది.

యూరోఫ్లో అని ఒక టెస్టుంది. మిషన్‌లో మూత్రం పోస్తే ఎంత వేగంగా వస్తోందో గ్రాఫ్ గీస్తుంది. పోయినేడాది నాకు మూత్రనాళం ఇరుకైతే ఆపరేషన్ అయింది. బుగ్గ లోపలి పొర కోసి కింద అతికించారు. అవును, నోట్లోదే, నవ్వుకోండి. అది మళ్లీ ఇరుకవుతోందేమో కనిపెట్టుకుని ఉండాలంటే మూడు నెలలకోసారి, ఆరు నెలలకోసారి ఈ మిషన్ ముందు నిలబడాల్సిందే.

పదింటికి రమ్మన్నారు. ఆరువందలు కట్టించుకుని "నీళ్లు తాగి ఆపుకోండి సార్, పిలుస్తాం" అన్నారు. పదకొండు దాకా ఆపుకున్నా. పదకొండున్నరకి కాళ్లు మెలితిప్పుకుంటూ కౌంటర్ దగ్గరికెళ్తే "ఇంకా ముగ్గురున్నారు సార్". అక్కడ కోసి కుట్టించుకున్న మనిషిని గంటన్నర ఆపుకోమంటే ఎలాగండీ? బాత్రూమ్‌కి పరిగెత్తా. బయటికి రాగానే నా పేరు పిలుస్తున్నారు!

గబగబా నాలుగు గ్లాసులు తాగి, వాళ్లు తొందర పెడుతుంటే వెళ్లి పోస్తే 110 ఎం.ఎల్. వచ్చింది. "150 దాటకపోతే రిపోర్టు పనికిరాదు సార్, మళ్లీ చెయ్యాలి." సరేనమ్మా, చేస్తా. "మళ్లీ ఆరువందలు." అదేంటి? "మిషన్ వాడాం కదా సార్."

లెక్కేస్తే లీటరు అయిదు వేల పైమాటే. పెట్రోలే నయం, అదైనా మనకి పోస్తారు.

రెండోసారి గ్రాఫ్ వచ్చింది. కొండలా లేస్తే మంచిదట, బల్లపరుపుగా సాగితే నాళం ఇరుకైనట్టట. నాది ఇంద్రకీలాద్రిలా లేస్తుందనుకుంటే ప్రకాశం బ్యారేజీలా పడుకుంది. ఇక మందు ఎక్కించి ఎక్స్‌రే, అది ఇంకో 2,800. డాక్టరుగారి ఫీజు వారం వరకే చెల్లుతుంది, ఆ వారం నిన్నటితో అయిపోయింది. అది కూడా కట్టా.

ఇన్సూరెన్స్ లేదా అంటారేమో. ఉంది! డిశ్చార్జి అయ్యాక 60 రోజుల ఖర్చులిస్తారు. మూడు వారాలకి మూత్రం పైపు తీసినప్పటి ఎక్స్‌రే ఒక్కటి అందులో పడింది. అసలు చెకప్‌లు మొదలయ్యేదే మూడో నెల నుంచి. అంటే నాళం పూర్తిగా మూసుకుపోయి మంచమెక్కితే లక్షలిస్తారట, మూసుకుపోకముందే చూసుకుంటానంటే ఆరువందలివ్వరట. ఎవడు రాశాడండీ ఈ రూలు?

ఎవడు రాశాడో తెలీదు గానీ ఎవరు అంటగట్టారో తెలుసు. మా ఆవిడ బాబాయిగారు. నాలుగేళ్ల కిందట సంక్రాంతికి మా ఇంటికొచ్చి, ఆరు అరిసెలు తిని, నెయ్యి చేతులతోనే ఫారం తీసి "గోరుచుట్టు లేచినా కంపెనీదే పూచీ అల్లుడుగారూ" అని సంతకం పెట్టించుకున్నారు. ఆ ఫారం మీద నెయ్యి మరక కూడా నాకు గుర్తే. ఇవాళ ల్యాబ్ మెట్ల మీద నుంచి ఫోన్ చేస్తే "అది ఓపీ అల్లుడుగారూ, ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునేది, ఓపీ వేరు" అన్నారు. అరిసెలు తినేటప్పుడు ఈ ఓపీ ఎక్కడికి పోయింది బాబాయిగారూ?

రిన్యూవల్ వచ్చే నెల. ఇందాకే గులాబీ పువ్వుతో మెసేజ్ పెట్టారు, "గెట్ వెల్ సూన్" అని. దాని కిందే టాపప్ ప్లాన్ పీడీఎఫ్.