బ్యాటరీ మీద స్టిక్కర్ చూసి వాదించుకునేవాళ్లకు

కారుకి ఏ బ్రాండ్ బ్యాటరీ మంచిదని ఒక్కరు అడిగితే చాలు, పదిమంది పది పేర్లు చెప్తారు. "మాది ఆరేళ్లు వచ్చింది, కళ్లు మూసుకుని తీసుకో" అంటాడొకడు. "అదా, దండగ, మాది ఏడాదిన్నరకే పోయింది" అంటాడు ఇంకొకడు. తీరా చూస్తే ఇద్దరూ చెప్పేది ఒకే బ్రాండ్ గురించి! ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడట్లేదు. ఆ బ్యాటరీ ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఏ కారులో ఎలా వాడారు అన్నది మాత్రం ఇద్దరికీ పట్టదు.

బ్యాటరీల మీద కనిపించే పేర్లతో పోలిస్తే తయారీదారులు చాలా తక్కువ. అమెరికాలో క్లారియోస్ ఉంది. 2019 దాకా అది జాన్సన్ కంట్రోల్స్‌లో ఒక విభాగం. యూరప్‌లో వార్టా కారు బ్యాటరీలు, మెక్సికోలో ఎల్‌టీహెచ్, బ్రెజిల్‌లో హెలియార్, అందరూ గొప్పగా చెప్పుకునే ఆప్టిమా, అన్నీ దాని చేతిలోవే. ఇవి కాక స్టోర్లు తమ సొంత పేర్లు వేసుకుని అమ్మేవి వేరే. పెన్సిల్వేనియాలోని లయన్ స్టేషన్‌లో ఈస్ట్ పెన్ అనే కంపెనీ 1946 నుంచి ఉంది. సొంత బ్రాండ్ డెకా, కానీ వేరేవాళ్ల పేర్లతోనూ చేసిపెడుతుంది. జపాన్‌లో రెండు పాత కంపెనీలు 2004లో కలిసి జీఎస్ యుఆసా అయ్యాయి. పానసోనిక్ తన లెడ్ యాసిడ్ (సీసం, యాసిడ్‌తో పనిచేసే మామూలు కారు రకం) బ్యాటరీ వ్యాపారాన్ని 2016లో వాళ్లకే ఇచ్చేసింది. ఇక ఎక్సైడ్ సంగతి మరీ విచిత్రం. అమెరికా ఎక్సైడ్ వేరు, కోల్‌కతాలో ఉన్న ఎక్సైడ్ ఇండస్ట్రీస్ వేరు. ఈ రెండూ ఆ పేరు కోసం కోర్టుల్లో కొట్టుకున్నాయి కూడా. అమెరికా కంపెనీ 2020లో మళ్లీ దివాలా తీసిందని వార్త రాగానే, దానితో సంబంధం లేని బ్యాటరీ కొన్నవాళ్లు కూడా "ఇక వారంటీ ఎవరిస్తారు" అని టెన్షన్ పడ్డారంటే నాకేం ఆశ్చర్యం లేదు.

స్టిక్కర్‌ని నమ్మకూడదని ఎందుకు అంటున్నానో చెప్పడానికి డైహార్డ్ కథ ఒక్కటి చాలు. 1967లో సియర్స్ అనే పెద్ద రిటైల్ కంపెనీ ఈ బ్రాండ్ తెచ్చింది. సియర్స్ జన్మలో బ్యాటరీ చేయలేదు, మిల్వాకీలోని గ్లోబ్ యూనియన్ చేసిచ్చేది. పలుచటి ప్లాస్టిక్ పెట్టె వాడటంతో లోపల కరెంటునిచ్చే సీసం ప్లేట్లకి చోటు పెరిగింది, బ్యాటరీ నిజంగానే గట్టిగా ఉండేది, పేరొచ్చింది. 1990ల్లో ఆ కాంట్రాక్టు అమెరికా ఎక్సైడ్‌కి వెళ్లింది. పేరు అదే, అమ్మే చోటు అదే, కొనేవాడి నమ్మకం అదే. లోపలి సరుకు మాత్రం వేరు. ఎక్సైడ్ నాసి బ్యాటరీలు అంటగట్టిందని, సియర్స్‌లో కొనుగోళ్లు చూసే ఉద్యోగికి లంచం ముట్టిందని కేసు నడిచింది. 2001లో ఎక్సైడ్ నేరం ఒప్పుకుని 2.75 కోట్ల డాలర్ల జరిమానాకి తలొగ్గింది. ఆ రోజుల్లో కూడా "మా నాన్న ఇరవై ఏళ్లుగా ఇదే వాడుతున్నాడు" అంటూ కొన్నవాళ్లు ఎంతమంది ఉంటారో!

ఇది చదివి కొందరు రెండో కొసకి పోతారు. "అన్నీ ఒకే ఫ్యాక్టరీ నుంచి వస్తాయి కాబట్టి అన్నీ ఒకటే, చవకది కొనుక్కో" అంటారు. అదీ తప్పే. ఆర్డర్ ఇచ్చేవాడు ఎంత అడిగితే అంతే చేసిస్తారు. పైకి ఒకే సైజు పెట్టెలా ఉంటుంది, లోపల ఒకదాంట్లో సెల్‌కి ప్లేట్లు ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ. అందుకే ఒకే సైజు, ఒకే రకం బ్యాటరీలు రెండు పక్కపక్కన ఉంటే చేత్తో ఎత్తి చూడమంటాను. తేడా చేతికే తెలిసిపోతుంది, ఎందుకంటే బరువులో ఎక్కువ భాగం సీసానిదే.

"ఏ దేశంలో చేశారు" అన్న గొడవ ఇంకోటి. ఆప్టిమా తయారీ కొలరాడో నుంచి మెక్సికోలోని మాంటెరేకి మారాక దాని మీద పడ్డ తిట్లకి లెక్కే లేదు. కానీ ఒకటి ఆలోచించండి. 15, 20 కిలోల బరువు, లోపల యాసిడ్, గోడౌన్‌లో ఊరికే కూర్చున్నా తనంతట తానే డౌన్ అయ్యే వస్తువు ఇది. ఇలాంటి దాన్ని అమ్మే చోటుకి వీలైనంత దగ్గర్లో, పాత సీసం కరిగించే కొలిమి అందుబాటులో ఉన్న చోట చేయడమే లాభం. ఈస్ట్ పెన్‌కి ప్లాంటు దగ్గరే సొంత కొలిమి ఉంది. జర్మనీలో హానోవర్, ఆస్ట్రియాలో లియోండింగ్‌లో ఉన్న బానర్, కొరియాలో గుమీ, చైనాలో షియాంగ్‌యాంగ్‌లోని క్యామెల్, అమరాన్ చేసే అమర రాజాకి తిరుపతి, చిత్తూరు, ఇలా ప్రపంచమంతా ఫ్యాక్టరీలు చెల్లాచెదురుగా ఉండటానికి ఇదొక పెద్ద కారణం.

నాణ్యత ఎక్కడ తేలుతుందంటే, జాలీలా ఉండే సీసం గ్రిడ్‌కి పేస్ట్ పూశాక ఆ ప్లేట్లని తేమ, వేడి లెక్కగా ఉంచే గదిలో ఆరబెడతారు. దీన్నీ క్యూరింగ్ అనే అంటారు. స్లాబ్ వేశాక సరిగ్గా నీళ్లు పట్టకపోతే ఎలా పగుళ్లిస్తుందో, ఇక్కడ తొందరపడితే పేస్ట్ గ్రిడ్‌ని గట్టిగా పట్టుకోదు. కొత్తలో ఏమీ తెలియదు. రోడ్డు కుదుపులకి కొద్దికొద్దిగా రాలి అడుగున బురదలా చేరుతుంది, ఒక పొద్దున సెల్ఫ్ కొడితే టక్ టక్ తప్ప ఇంకేం రాదు. ఆ గదిలో ఎన్ని గంటలు ఉంచారో ఏ స్టిక్కర్ మీదా ఉండదు, దేశం పేరు చూస్తే అసలే తెలియదు.

కొనేవాడికి కనిపించేది ఒకటుంది, దాన్నే ఎవరూ చూడరు. తయారీ తేదీ. చాలా బ్రాండ్లలో పైమూత మీదో పక్కనో ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. ఏ అంటే జనవరి, బీ అంటే ఫిబ్రవరి, అలా. సీ5 అంటే 2025 మార్చి. ఏడాది పాటు ఛార్జ్ చేయకుండా పడున్న ప్రీమియం బ్యాటరీ కంటే నిన్నగాక మొన్న వచ్చిన మామూలు బ్యాటరీ నాకు ముద్దు, ఎందుకంటే ఛార్జ్ తగ్గి పడున్నంతకాలం ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతూనే ఉంటుంది. తీసుకునే ముందు మల్టీమీటర్ పెట్టమనండి. 12.6 వోల్టులు చూపిస్తే సరే. 12.4 అంటే మామూలు బ్యాటరీలో పావు వంతు ఛార్జ్ పోయినట్టే, 12.2 అంటే దాదాపు సగం. మొహమాటపడకుండా వేరేది అడగండి.

సీసీఏ అంకెలు, అంటే గడ్డకట్టే చలిలో ఇంజిన్ స్టార్ట్ చేయడానికి బ్యాటరీ ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పేవి, పోల్చడం కూడా జాగ్రత్తగా చేయాలి. అమెరికా ఎస్ఏఈ పద్ధతిలో మైనస్ 18 డిగ్రీల దగ్గర 30 సెకన్లపాటు కరెంటు లాగినా 7.2 వోల్టులు నిలవాలి, యూరప్ ఈఎన్ పద్ధతిలో 10 సెకన్లకి 7.5. పరీక్షే వేరైనప్పుడు 600 కంటే 640 గొప్పదని ఎలా అంటాం?

ఇక వారంటీ. నెలల సంఖ్య పెద్దక్షరాల్లో వేస్తారు, అందులో ఉచితంగా మార్చేది ఎన్ని నెలలు, తర్వాత కొత్తదాని మీద ఇచ్చే డిస్కౌంట్ ఎన్ని నెలలు అన్నది చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అంతే.

బ్రాండ్‌ని తిట్టేవాళ్లలో చాలామంది బ్యాటరీని వాళ్లే చంపేసి ఉంటారు. స్టార్ట్ స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యేది) ఉన్న కారులో ఏజీఎం (యాసిడ్‌ని గాజు పీచు చాపలో పట్టి ఉంచే రకం బ్యాటరీ) ఉండాల్సిన చోట మామూలుది పెట్టిస్తారు. డాష్‌క్యామ్ వైర్ నేరుగా లాగి కారు రోజుల తరబడి పార్కింగ్‌లో వదిలేస్తారు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ 14 వోల్టుల చుట్టుపక్కల ఇస్తోందా లేదా అని ఒక్కసారి కూడా కొలిపించరు. రోజూ రెండు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే వాడిన ఛార్జ్ తిరిగి నిండదు. వేడి సంగతి సరే సరి, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే లోపలి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది. అంటే ఎండాకాలంలో దెబ్బతిన్న బ్యాటరీ చలికాలంలో చేతులెత్తేస్తుంది, మనం చలిని తిడతాం.

ఇంత చెప్పావు, ఇంతకీ ఏది కొనాలి అంటారు. స్టార్ట్ స్టాప్ కారుకైతే నేను వార్టా ఏజీఎం గానీ జీఎస్ యుఆసా గానీ తీసుకుంటాను, అదీ తేదీ తాజాగా ఉంటేనే. మామూలు కారుకైతే కార్ల కంపెనీలకి నేరుగా సరఫరా చేసే తయారీదారుల్లో ఎవరిదైనా నాకు ఒకటే, సైజు, టెర్మినల్ వైపు సరిపోతే చాలు. ఎవరు తయారు చేశారో, ఏ పద్ధతిలో కొలిచారో లేబుల్ మీద ఎక్కడా రాయనిది ఎంత చవకైనా ముట్టుకోను. దీనికి కూడా "మా బావమరిదిది ఎనిమిదేళ్లు వచ్చింది" అని కామెంట్ పెట్టేవాళ్లు దయచేసి బ్యాటరీ మీది తేదీ కోడ్ ఫోటో కూడా పెట్టండి.