మందు గోడకా, మనిషికా?

(వేదిక మీద ఇద్దరు. ఆయన బీహార్‌లో ఇళ్ల గోడలకు పురుగుమందు కొట్టించే పనిలోనే ఉద్యోగమంతా గడిపి రిటైరైన కీటక నిపుణుడు. ఆమె ఆయన మేనకోడలు, డాక్టరు. ఇసుక ఈగ మోసుకొచ్చే కాలా అజార్ అనే ప్రాణాంతక జ్వరాన్ని పూర్తిగా తుడిచెయ్యాలంటే ముందు ఈగ మీద పడాలా, రోగి దగ్గరికి వెళ్లాలా అన్నది వాదం. చుట్టరికం అడ్డొచ్చి మొహమాటపడతారేమో అనుకున్నాను. అదేం జరగలేదు.)

మావయ్య: ముందు శత్రువుని చూపిస్తాను. తెల్లవారుజామున టార్చి పట్టుకుని పశువుల కొట్టంలోకి వెళ్లండి. గోడ మీద మోకాలెత్తున, మట్టి రంగులో, దోమలో మూడో వంతుండే పురుగు కనిపిస్తుంది. రెక్కలు ముడుచుకోదు, 'వి' ఆకారంలో పైకి నిలబెట్టుకుని కూర్చుంటుంది. గాజు గొట్టం దగ్గరికి తెచ్చి నోటితో పీల్చబోతే దూరంగా ఎగిరిపోదు, గెంతుతుంది. జానెడు అవతల మళ్లీ కూర్చుంటుంది. చప్పుడుండదు. మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరిపోతుంది. 1903లోనే పరాన్నజీవి దొరికింది. దాన్ని మోసేది ఈ ఈగేనని, మనుషుల్ని కుట్టించి నిరూపించేసరికి 1942 వచ్చింది. అంత గడుసుది.

మేనకోడలు: పరిచయం బాగుంది మావయ్యా. కానీ అది పుడుతూనే జబ్బు తెచ్చుకోదు. లీష్మేనియా అనే ఆ పరాన్నజీవి దానికి ఎక్కడి నుంచో ఎక్కాలి. మధ్యధరా దేశాల్లో, బ్రెజిల్‌లో అయితే కుక్కల నుంచి. మన ఉపఖండంలో కాలా అజార్ విషయంలో మనిషి నుంచే. రోగి లేకపోతే అది ఉత్త ఈగ.

మావయ్య: రోగి ఉన్నాడని నీకు తెలిసేదెప్పుడు? రెండు వారాలు దాటిన జ్వరం, చిక్కిపోయిన ఒళ్లు, ఉబ్బిన పొట్ట. అప్పటిదాకా మలేరియా అనో టైఫాయిడ్ అనో మాత్రలు మింగుతూనే ఉంటాడు. ఆలోగా అతన్ని ఎన్ని ఈగలు కుట్టి ఉంటాయో లెక్కేశావా?

మేనకోడలు: అందుకే వెతకమంటున్నాను. వేలి చివర రక్తపు చుక్కతో నిమిషాల్లో తేల్చే ఆర్‌కె39 పరీక్ష ఉంది. లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ అనే మందు ఒక్కసారి సెలైన్‌లా ఎక్కిస్తే చాలామందికి నయమవుతుంది. వైద్యం అందకపోతే నూటికి తొంభై అయిదుమందికి పైగా పోయే జబ్బు ఇది. ఎడమ పక్కటెముకల కింద చెయ్యి పెడితే మామూలుగా ప్లీహం తగలనే తగలదు. ఈ పిల్లల్లో బొడ్డు దాకా దిగి, వేళ్లకి గట్టిగా తగులుతుంది. అలాంటి పిల్లాడున్న ఇంట్లోకి వెళ్లి ముందు గోడ చూడమంటారా?

మావయ్య: సెంటిమెంట్ వద్దమ్మాయ్, చరిత్ర చూడు. 1950ల్లో మలేరియా కోసం ఇంటింటా డీడీటీ కొట్టారు. ఇసుక ఈగ సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పనిలో పనిగా అదీ చచ్చింది, కాలా అజార్ దాదాపు మాయమైంది. మలేరియా తగ్గిందని మందు తగ్గించేశారు. 1977లో ఒక్క బీహార్‌లోనే లక్ష కేసులని అంచనా. ఇంకేం రుజువు కావాలి?

మేనకోడలు: అయ్యో, అది నేను చెప్పాల్సిన కథ, మీరు ముందే చెప్పేశారు! (సభలో నవ్వులు) మందు ఆపాక ఈగలు తిరిగొచ్చాయి, సరే. పరాన్నజీవి ఎక్కడి నుంచి వచ్చింది? అన్నేళ్లు ఎక్కడ దాక్కుంది? గోడలో అయితే కాదు. నయమైన కొందరికి నెలల తర్వాతో, ఏళ్ల తర్వాతో మొహం మీద, గడ్డం చుట్టూ పాలిపోయిన మచ్చలొస్తాయి. కొందరికి బొడిపెలు. పీకేడీఎల్ అంటాం. జ్వరం లేదు, నొప్పి లేదు. మనిషి రోజూ పనికెళ్తూనే ఉంటాడు. కుష్టు అనుకుంటారేమోనన్న టెన్షన్‌తో కొందరు డాక్టరుకి కూడా చూపించరు. ఆ మచ్చల్లో పరాన్నజీవి బతికే ఉంటుంది. ల్యాబ్‌లో పెంచిన ఈగలతో వాళ్లని కుట్టించి చూశారు. ఈగలకి అంటింది. బొడిపెలున్నవాళ్ల నుంచి మరీ ఎక్కువగా.

(మావయ్య మంచినీళ్లు తాగారు. ఈ దెబ్బ గట్టిగానే తగిలిందనిపించింది నాకు. కానీ ఆయన దగ్గర ఇంకోటి దాచి ఉంచారు.)

మావయ్య: ఒప్పుకుంటాను. మరి చండీపుర సంగతేంటి? 1965లో మహారాష్ట్రలోని ఆ పేరున్న ఊళ్లో బయటపడిన వైరస్. దాన్నీ ప్రధానంగా ఇసుక ఈగే మోస్తుంది. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు మెదడువాపుతో ఆసుపత్రుల పాలైతే 183 మంది పోయారు. పొద్దున జ్వరం, ఆ వెంటే ఫిట్స్, కోమా. పరీక్ష ఫలితం వచ్చేలోపే అంతా అయిపోతుంది. దానికి మందు లేదు, టీకా లేదు. రోగిని నయం చేసి ఈగని ఉత్త ఈగని చేస్తానన్నావే, ఇక్కడెలా చేస్తావు?

మేనకోడలు: చెయ్యలేను. అక్కడ ఈగని ఆపడమే దారి.

మావయ్య: (సభ వైపు తిరిగి) రాసుకోండి!

మేనకోడలు: దాని కిందే ఇదీ రాసుకోండి. ఈగలు డీడీటీకి లొంగడం మానేస్తే సింథటిక్ పైరెత్రాయిడ్లనే వేరే రకం పురుగుమందులకి మారారు. రేపు వీటికీ అదే గతి పట్టదని హామీ ఇస్తారా? మీవాళ్లు ఆరడుగుల ఎత్తు దాకా కొట్టి వెళ్తారు. నెల తిరక్కుండా ఇంటావిడ గోడ అలుకుతుంది. మందు మట్టి కింద, ఈగ మట్టి మీద.

మావయ్య: అది మందు తప్పు కాదు, మా తప్పు. ఎప్పుడు అలుకుతారో అడిగి వెళ్లాలి, అడగం. మందు పలచన చేసి, గోడ తడిసిందా లేదా అన్నంతవరకే చూసుకున్న జట్లనీ ఎరుగుదును. కానీ వేరే దారి చూపించు. డెంగీ దోమకైతే నిలవనీళ్లు పారబొయ్యమంటాం, సగం పని అయిపోతుంది. ఇది నీళ్లలో గుడ్లు పెట్టదు. పేడ, కుళ్లిన ఆకులు కలిసిన తేమ మట్టిలో పెడుతుంది, గోడ పగుళ్లలో పెడుతుంది. నేలంతా తవ్విపోస్తావా?

మేనకోడలు: పగుళ్లు పూడ్చి గచ్చు చేయిస్తే మీకూ నాకూ సగం శ్రమ తప్పేది.

మావయ్య: ఇళ్లు కట్టించడం నా శాఖ కాదమ్మా.

మేనకోడలు: నాదీ కాదు.

(ఇద్దరూ ఒకేసారి నవ్వారు. అది ఎవరి శాఖో వాళ్లని ఈ వేదిక మీదికి పిలవాల్సిందేమో.)

మావయ్య: కాలా అజార్‌ని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేసిన తొలి దేశం బంగ్లాదేశ్ అని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఏడాదికి పదివేల మందిలో ఒక్క కేసు కన్నా తక్కువ. మందు కొట్టకుండానే అయిందా?

మేనకోడలు: రోగుల్ని వెతక్కుండా అయిందా? అదలా ఉంచండి. ఒకటి కన్నా తక్కువంటే సున్నా అని కాదు. కేసులు తగ్గేకొద్దీ వెతికేవాళ్లూ తగ్గుతారు. కొత్త డాక్టర్లకి ఈ జబ్బు పుస్తకంలో బొమ్మగా మిగులుతుంది. మచ్చలున్న మనిషి మాత్రం ఊళ్లోనే ఉంటాడు.

మావయ్య: దొరికాడనుకో. మచ్చలకి మిల్టెఫోసిన్ అనే మందు పన్నెండు వారాలు మింగాలి. వాంతులవుతాయి. ఏ బాధా లేని మనిషి అన్నాళ్లు మింగుతాడా?

మేనకోడలు: కష్టమే. పక్కన కూర్చుని ఒప్పించాలి. ముందు వాళ్లెవరో తెలియాలి కదా! మీ మనుషులు ఏడాదికి రెండుసార్లు ఇంటింటి లోపలికీ వెళ్తారు. అలా వెళ్లే డాక్టరు ఒక్కరూ లేరు. గోడతో పాటు ఇంట్లోవాళ్ల మొహాలు కూడా చూస్తే?

మావయ్య: రోజుకి ఇన్ని ఇళ్లని లెక్కుంటుంది తల్లీ. మొహాలు చూస్తూ నిలబడితే లెక్క తప్పుతుంది.

మేనకోడలు: ఆ లెక్క పెట్టిందెవరు?

మావయ్య: (కాస్త ఆగి) మా జట్లకైతే... నేనే.