దయచేసి పాదాల మీద నిలబడండి

మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పక్క గోడ మీద పోయిన నెల ఒక తెర వెలిసింది. వెలిసింది అన్న మాట తెలిసే వాడాను. ఎందుకో ముందు ముందు మీకే అర్థమవుతుంది. కళ్లజోడు పెట్టుకోకుండానే త్రీడీ బొమ్మ కనిపించే తెర అట. ప్రకటనల కంపెనీ వాళ్లు ఉచితంగా బిగించారు, పైగా అసోసియేషన్‌కి నెలనెలా అద్దె ఇస్తామన్నారు. బెంగళూరు మారతహళ్లిలో మా తెలుగువాళ్ల కమిటీ ఉచితం అన్న మాట విన్నాక పది నిమిషాలకి మించి మీటింగ్ పెట్టిన దాఖలా లేదు. ఈసారీ పెట్టలేదు.

తెరలో దేవనహళ్లి వైపు కట్టబోయే విల్లా. విల్లా ముందు ఈతకొలను. ఆ నీళ్లు గోడ దాటి చొక్కా మీద చిందుతాయేమో అన్నంత నిజంగా ఉంటాయని కార్యదర్శి గారు వాట్సాప్ గ్రూపులో రాశారు. ట్యాంకరు రెండు గంటలు ఆలస్యం అన్న మెసేజి కూడా అదే రోజు, దాని కిందే వచ్చింది. సరే, నీళ్లు ఎక్కడ కనిపిస్తే అక్కడికి పోదామని కిందికి దిగాను. నాకు రెండు కొలనులు కనిపించాయి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి. కాస్త కుడికి జరిగితే ముందుండాల్సిన విల్లా వెనక్కి పోయి, వెనకుండాల్సిన ఆకాశం ముక్కు దగ్గరికొచ్చింది. తల తిరిగింది.

"సార్, అక్కడ కాదు, పాదాల మీద నిలబడండి" అన్నాడు బిగించడానికి వచ్చిన కుర్రాడు. మదనపల్లె పిల్లోడే, మర్యాదస్థుడు. కిందికి చూస్తే గ్రానైట్ మీద పసుపు రంగు స్టిక్కర్, రెండు పాదాలు.

పాపం, ఆ కుర్రాడి తప్పేం లేదు. మన రెండు కళ్ల మధ్య ఎడం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. ఎడమ కంటికి ఒక బొమ్మ, కుడి కంటికి కొంచెం పక్కనుంచి తీసిన ఇంకో బొమ్మ చేరితే, మెదడు రెండూ కలిపేసి లోతుగా ఉందనుకుంటుంది. 1838లోనే చార్లెస్ వీట్‌స్టన్ రెండు అద్దాలు పెట్టి ఈ సంగతి చూపించాడు. ఏ కంటి బొమ్మ ఆ కంటికే చేరవేయడానికి తెర ముందు సన్నటి చీలికల జల్లెడ పెట్టొచ్చు, లేదా గీతలు గీతలుగా ఉండే లెన్సుల పలక అతికించొచ్చు. ఎలా చేసినా బొమ్మలు వెళ్లి చేరే చోటు ఒకటుంటుంది. ఆ చోట మన ముక్కు ఉండాలి. అంతే.

ఈ గీతల పలక ఏదో కొత్తగా దిగినట్టు చెబుతుంటే నవ్వొస్తుంది. మెజెస్టిక్ బస్టాండు ఫుట్‌పాత్ మీద అమ్మలేదూ? ఇటు నుంచి చూస్తే వేంకటేశ్వరస్వామి, అటు నుంచి చూస్తే పద్మావతి అమ్మవారు. గోరు పెట్టి గీస్తే గరగరమనేది. చిన్నప్పుడు నా జామెట్రీ బాక్సు మూత మీద కన్నుకొట్టే పులి కూడా ఆ జాతే. ఇప్పుడు దానికి లెంటిక్యులర్ అని పేరు, కింద కరెంటు. కాకపోతే ఫుట్‌పాత్ అతను బేరం ఆడనిచ్చేవాడు.

ఇక పాదాల సంగతి.

మూడో ఫ్లోర్‌లో ఒక అవ్వ ఉంటుంది, హిందూపురం మనిషి. తెర వచ్చిన రెండో రోజు పొద్దున పాలప్యాకెట్ కోసం దిగింది. దిగీ దిగగానే చెప్పులు పక్కన విప్పి, వంగి, ఆ పసుపు పాదాలు కళ్లకద్దుకుంది. సెక్యూరిటీ అతను చూస్తూ ఊరుకున్నాడు. పెద్దావిడ, ఏం చెబుతాడు? మర్నాడు పాదాల మీద రెండు కనకాంబరాలు. ఆ మర్నాడు కుంకుమ బొట్లు, ఒక్కో వేలికి ఒక్కోటి, లెక్క తప్పకుండా. శుక్రవారానికి పాదాల చుట్టూ ముగ్గు పడింది. ఐదో ఫ్లోర్ సాఫ్ట్‌వేర్ దంపతులు ఆఫీసుకి పోతూ, ఎందుకైనా మంచిదని, ఓ దణ్ణం పెట్టి లిఫ్టు దిగసాగారు. కార్యదర్శి గారు ఉగ్రులై గ్రూపులో ప్రకటన పెట్టారు: "అవి శ్రీపాదాలు కావు. దయచేసి వాటి మీద నిలబడండి." చదివి చూడండి, ఎలా ఉందో! అవ్వ కొడుకు అది చదివి వినిపిస్తే, అవ్వ శాంతంగా అడిగిందట: "ఎవరి పాదాలో తెలీనప్పుడు తొక్కేదెందుకురా?"

కంపెనీ మేనేజరు వచ్చి నచ్చజెప్పబోయాడు. అవ్వని పాదాల మీద నిలబెట్టాలని అతని ప్రయత్నం, నిలబడితే పాపం తగులుతుందని ఆమె భయం. చివరికి పాదాల పక్కన నిలబడి తల మాత్రం అటు వంచి చూస్తానని ఒప్పుకుంది. చూసింది. "ఏముంది నాయనా, ఇల్లు." లోతు కనిపిస్తోందా అవ్వా? "కనిపించట్లేదు." కొంచెం ఎడమకి? "లేదు." కుడికి? "లేదు నాయనా." పదిహేను నిమిషాలు ఆ ముసలి మెడని అటూ ఇటూ తిప్పించాక తెలిసిన విషయం: ఆమెకి ఎడమ కన్ను శుక్లం ముదిరి ఎప్పుడో పోయింది. ఒక కన్నుతో ఈ త్రీడీ ఏ చోట నిలబడ్డా కనిపించదు. కళ్లజోడు అక్కర్లేదని పెద్దక్షరాల్లో రాసినవాళ్లు, రెండు కళ్లు కావాలని చిన్నక్షరాల్లోనైనా రాయొద్దూ?

ఇదివరకు ఈ ముచ్చట పడినవాళ్లు లేకపోలేదు. 2011లో నింటెండో ఇదే తరహా తెరతో పిల్లల ఆటపెట్టె దింపింది. అందులో త్రీడీ ఆపేయడానికి పక్కనే ఒక మీట పెట్టింది. ఆరేళ్ల లోపు పిల్లలకి ఆపే ఉంచమని తనే చెప్పింది. 2013లో త్రీడీ అసలు లేని రకం తెచ్చి తక్కువ ధరకి అమ్మింది. ఇక కళ్లజోడుతో చూసే త్రీడీ టీవీలు 2017 నాటికి పెద్ద కంపెనీలే మానేశాయి. మా ఇంట్లో ఆ నల్ల కళ్లజోళ్లు నాలుగు ఇప్పటికీ షోకేసులో ఉన్నాయి, పెళ్లి గిఫ్టుగా వచ్చిన గడియారాల పక్కన.

ఇంతవరకూ నవ్వుకుంటూనే ఉన్నాను. మేనేజరు పంచిన కరపత్రం చూశాకే నవ్వు ఆగిపోయింది. అందులో "బెంగళూరుకి తొలిసారిగా విదేశీ లిక్విడ్ క్రిస్టల్ పరిజ్ఞానం" అని ఉంది.

విదేశీ అట! బెంగళూరుకి తొలిసారట! 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త రైనిట్జర్ క్యారెట్ నుంచి తీసిన కొలెస్టరాల్ పదార్థాన్ని వేడిచేస్తే అది రెండుసార్లు కరిగింది, ముందు మసగ్గా, తర్వాత తేటగా. ఆ మసక ద్రవమే లిక్విడ్ క్రిస్టల్, అంటే ద్రవ స్ఫటికం: ద్రవంలా పారుతుంది, అణువులు మాత్రం స్ఫటికంలోలా ఒక వరసలో ఉంటాయి. అక్కడ మొదలైంది ఈ కథ, ఒప్పుకుంటాను. ఆ తర్వాత దాదాపు తొంభై ఏళ్లు ఇలాంటి స్ఫటికాలు కావాలంటే అణువు పుల్లలా పొడుగ్గా ఉండాలనే అనుకున్నారు. కాదు, బిళ్లల్లాంటి అణువులు కూడా అప్పడాల దొంతరలా ఒకదానిమీద ఒకటి పేరుకుని ద్రవ స్ఫటికం అవుతాయని 1977లో చూపించింది ఎవరు? ఎస్. చంద్రశేఖర్, తోడు సదాశివ, సురేశ్. ఎక్కడ? ఇదే బెంగళూరులో, మేఖ్రీ సర్కిల్ దగ్గర రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో. (నోబెల్ వచ్చిన చంద్రశేఖర్ వేరు. ఈయన సి.వి. రామన్ మేనల్లుడు.) మెజెస్టిక్‌లో ఎయిర్‌పోర్టు బస్సెక్కి విల్లా చూడ్డానికి పోయేవాళ్లు ఆ పక్కనుంచే పోతారు. కిటికీలోంచి తలెత్తి చూసేవాడు ఒక్కడు లేడు.

ఆ బిళ్లల అణువులు ఎందుకు పనికొచ్చాయో తెలుసా? పాత ఎల్‌సీడీ తెరని, అంటే లిక్విడ్ క్రిస్టల్ తెరని, పక్కనుంచి చూస్తే బొమ్మ వెలిసిపోయేది, రంగులు తారుమారయ్యేవి. 1990ల్లో జపాన్ వాళ్లు ఆ బిళ్లల అణువులతో పల్చటి పొర చేసి తెరకి అతికిస్తే, పక్కన కూర్చున్నవాళ్లకి కూడా బొమ్మ సరిగ్గా కనిపించింది. గదిలో ఏ మూల కూర్చున్నా ఒకే బొమ్మ! చాప మీద పిల్లలు, కుర్చీలో తాత, వంటింటి గడప దగ్గర అమ్మ, అందరూ కలిసి చూడటానికి పనికొచ్చిన అణువుల కుటుంబం ఈ ఊళ్లో బయటపడింది. దాన్ని పొర చేసి అమ్ముకున్నది వేరే దేశం. ఇవాళ్టికీ మన టీవీల్లో ఆ తెర పలకలు దాదాపు అన్నీ బయటినుంచి ఓడెక్కి వచ్చేవే. మనం నాలుగు స్క్రూలు బిగించి, మీద మన జెండా స్టిక్కరు అంటిస్తాం. ఇప్పుడు ఒక్కచోట, ఒక్కడే, మెడ కదపకుండా నిలబడితేనే కనిపించే తెర తెచ్చి, దాన్ని ప్రగతి అని మనకే కరపత్రం వేస్తారా? సిగ్గుండాలి. ఆ చంద్రశేఖర్ గారు 2004లో పోయారు. ఆయన పేరు మా కమిటీ మీటింగ్‌లో ఎత్తితే "అంకుల్, అవన్నీ ఇప్పుడెందుకు, అద్దె వస్తోంది కదా" అన్నారు. ఈ ఊరి పేరు చెప్పుకుని జీతాలు తీసుకునే ఇంజనీర్లు, పద్దెనిమిది మంది! నాకు గొంతు పూడుకుపోయి కూర్చున్నాను.

పాదాల గొడవ తేలేలా లేదని కంపెనీ వాళ్లు కొత్త తెర పంపారు. దీనికి పైన చిన్న కెమెరా ఉంది. మన కళ్లు ఎక్కడున్నాయో పట్టుకుని బొమ్మనే జరుపుతుందట, మనం పాదాల మీద నిలబడక్కర్లేదట. నిజంగానే పనిచేసింది, ఒక్కరికి. ఇద్దరు నిలబడితే అది ఒకరి కళ్లే ఎంచుకుంటోంది, రెండోవాళ్లకి మళ్లీ రెండు కొలనులు. గేటు దగ్గర సీసీ కెమెరా మానిటర్ సగం నల్లబడి ఏడాది అయింది, బాగుచేయించడానికి డబ్బుల్లేవు. ఎవడు లోపలికి వస్తున్నాడో సెక్యూరిటీ అతనికి కనిపించదు కానీ, లిఫ్టు ఎక్కేవాళ్ల కనుపాపలు మాత్రం ఎవరో తెలియని కంపెనీ వాడికి కనిపిస్తాయి. దీని మీదా మాట్లాడబోయాను. పది నిమిషాలు అయిపోయాయన్నారు.

పోయిన వారం ఇద్దరు పిల్లలకి తలనొప్పి అని ఫిర్యాదు వస్తే త్రీడీ ఆపేశారు. ఇప్పుడు విల్లా గోడకి అతుక్కుని చప్పగా, అందరికీ ఒకేలా కనిపిస్తోంది. పాదాల స్టిక్కర్ పీకేయమని మదనపల్లె కుర్రాడిని పంపారు. వచ్చాడు, ముగ్గూ కుంకుమా చూశాడు, చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. కాసేపు అలాగే నిలబడి, నావల్ల కాదు సార్ అని వెళ్లిపోయాడు.