గండి మీద దిండు

మా బిడ్డ, అల్లుడు సింగపూర్ల ఉంటరు. నేను రిటైరైనకాడి సంది వాళ్లది ఒకటే పోరు: "నాయినా, నీకు రెస్టు కావాలె." మిర్యాలగూడ రైస్ మిల్లుల ముప్పై ఏండ్లు లెక్కలు రాసినోనికి రెస్టంటే మధ్యాహ్నం అన్నం తిని నులక మంచం మీద ఒరుగుడే. ఆ రెస్టు పనికిరాదట. ఆఖరికి బాలి దీవిల, ఉబుద్ దగ్గర, వెల్‌నెస్ రిట్రీట్ అని మూడు రోజులది బుక్ చేసి మా ఇద్దరిని విమానం ఎక్కించిన్రు. దిగంగనే వీసాకు మనిషికి 5 లక్షలు, టూరిస్టు పన్ను ఇంకో లక్షన్నర అన్నరు. అవి వాళ్ల రుపియాలు, మన లెక్కల మూడున్నర వేలకు అటుఇటే అని అల్లుడు ఫోన్ల చెప్పేదాక మా ఆమె నా చెయ్యి ఇడువలే.

మొదటి రోజు నిద్రపోయిన. కథంతా రెండో రోజుది. ఆ రోజు పేరే 'విశ్రాంతి దినం'.

పొద్దుగాల ఆరింటికి కోఆర్డినేటరమ్మ వచ్చింది. మన దేశం పిల్లే, హిందీ మాట్లాడ్తది. ఏం చెప్పినా నవ్వుకుంటనే చెప్తది. ఫోను, వాచీ తీసుకొని గుడ్డ సంచిల ఏసింది. తెల్లటి లాల్చీ పైజమా ఇచ్చింది, గుండ్రటి దిండొకటి చేతుల పెట్టింది, మెడల కొబ్బరిచిప్ప ఏలాడేసింది. చిప్ప మీద 'మౌనం' అని ఇంగ్లీషుల రాసున్నది. పొద్దు మునిగేదాక నోరు తెర్వొద్దట. తర్వాత ఒక సీసా ఇచ్చి, "సార్, ఈ నీళ్లల్ల మినరల్స్ చాలా ఎక్కువ" అన్నది. నల్లగొండోనికి చెప్తున్నది! మా నీళ్లల్ల మినరల్ ఎంత ఎక్కువంటే, ఆ ఫ్లోరైడ్ తీసే పద్ధతికే 'నల్లగొండ టెక్నిక్' అని మా జిల్లా పేరు పెట్టిన్రు, పటిక, సున్నం కలిపి తేర్చుడు. ఈ ముచ్చట చెప్దామనుకున్న. మెడల చిప్ప ఉన్నది. మింగిన.

టిఫిన్ సంగతి అడగొద్దు. జాము అని పసుపు, చింతపండు కలిపిన నీళ్లు. చారుల ఉప్పు, పోపు మర్చిపోయి చల్లారబెట్టినట్టున్నది. కిటికీ బయట ఎటు చూసినా వరి. పళ్లెంల క్వినోవా అనే పరదేశపు గింజలు.

ఏడింటికి 'వరి పొలాల ధ్యానం'. అంటే చెక్క అరుగు మీద దిండేసుకొని గంటసేపు పొలం దిక్కు చూసుకుంట కూసునుడు. పైసలిచ్చి పొలం చూసుడేంది? మా ఊరికొస్తే ఒరాల మీద తిప్పి, కోడికూరతోని అన్నం పెట్టి ఊకెనే చూపిస్త. కాని అబద్ధమెందుకు, చూడసక్కగున్నది. కొండవాలంత మెట్లు మెట్లుగ మడులు, పై మడి నీళ్లు కింది మడిలకు, అక్కణ్నించి ఇంకా కిందికి. ఈ పంపకాన్ని సుబక్ అంటరట. తొమ్మిదో శతాబ్దం సంది ఉన్నదని, రైతులే సంఘం కట్టుకొని, నీళ్ల గుడిల పూజ చేసుకొని ఎవరి వంతు ఎప్పుడో తేల్చుకుంటరని, 2012ల యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వంల చేర్చిందని అరుగు పక్కన బోర్డు మీద రాసిన్రు. చదివి నాలోనే నవ్వుకున్న. మాది సాగర్ ఎడమ కాల్వ. 1967ల నీళ్లు ఇడిసిన్రు. మాకూ వంతులున్నయ్, వారబందీ అంటరు. వంతొచ్చిన రోజు నీళ్లు రావు, నీళ్లొచ్చిన రోజు వంతు ఉండదు. కాల్వ నీళ్లు ఇడిసే లష్కరుకు ఫోన్ కొడితే ఎత్తడు, ఎత్తినా "పైన్నే తక్కువ ఇడుస్తున్రు" అంటడు. ఆ పైన అనేది ఎక్కడున్నదో నా రెండెకరాలు ఇంతవరకు చూడలే. యునెస్కో వాళ్లు ఒక్కసారి మా మేజరు కాల్వ చివరికొస్తే బాగుండు.

అట్ల చూస్తుంటె కనపడ్డది. గండి.

మూడో మడి ఒరం మీద, ఎడమ దిక్కున, జానెడు గండి. బుడబుడమని నీళ్లు కింది మడిలకు దుంకుతున్నయ్.

పట్నపోళ్లకు గండి అంటే చిన్న మాట. ముందుగాల ఎండ్రికాయ ఒరానికి బొక్క పెడ్తది, వేలు పట్టేంత. మనం చూడం. రాత్రికి అది పిడికిలంతైతది, తెల్లారేసరికి జానెడు. మడి నెర్రెలు బారుతది. అదొక్కటైతె ఓర్సుకోవచ్చు. సొసైటీ ముందట చెప్పులు లైన్ల పెట్టి, మధ్యాహ్నం దాక నిలబడి తెచ్చిన యూరియా, సాయంత్రం చల్లింది, ఆ నీళ్లతోనే పోయి పక్కోని మడిల పడ్తది. వాని వరి నల్లగ నవనవలాడ్తది, మనది పచ్చకామెర్లొచ్చినట్టు ఉంటది. పైంగ వాడు "నీళ్లు పల్లమెరుగు అన్నా" అంటడు. మాకు, మా పాలోళ్లకు 2009 సంది మాటల్లేవు. ఒక ఎండ్రికాయ చేసిన పని.

అరుద్దామంటె చిప్ప. మా ఆమెను మోచేత్తోని పొడిచిన. కండ్లు తెర్వకుంటనే నా తొడ గిచ్చింది. కోఆర్డినేటరమ్మకు సైగ చేసిన, చెయ్యి చూపిచ్చి, నీళ్లు పారినట్టు వేళ్లు ఆడిచ్చి. ఆమె చానా సంతోషపడ్డది. రెండు చేతులు గుండె మీద పెట్టుకొని తలకాయ ఊపింది.

ఇంక నేను దిగిన.

మోకాళ్ల కింద దాక దిగబడ్డది. మన నల్లరేగడి లెక్కనే బురద, అదే వాసన. రెండు దోసిళ్లు ఎత్తి గండిల ఏసిన, కొట్టుకపోయింది. మల్ల ఏసిన, పోయింది. పార లేదు, గడ్డి మోపు లేదు, ఒక రాయి లేదు. మా దిక్కయితె పాత యూరియా సంచిల మట్టి నింపి కుక్కుతం. అరుగు మీది నా దిండు దిక్కు చూసిన. లోపల బూరుగు దూది గట్టిగ దట్టిచ్చిన్రు, అచ్చం సంచి లెక్కనే ఉన్నది. పోయి తెచ్చి గండిల కుక్కిన. నీళ్ల ఒత్తిడికి మెల్లగ పైకి లేస్తున్నది. ఏం జేస్త? దాని మీద కూసున్న.

నీళ్లు ఆగినయ్. ఆ నిమిషంల నాకు దొరికిన శాంతి, రిట్రీట్ మొత్తంల అదొక్కటే.

ఎంతసేపు కూసున్ననో తెల్వదు, వాచీ వాళ్ల సంచిల ఉన్నది. పైనించి చూసెటోళ్లకు నేను ఎట్ల కనపడ్డనో ఇప్పుడు తల్సుకుంటె సిగ్గయితది: తెల్ల బట్టలు, మెడల మౌనం చిప్ప, వరి నడుమ ఒరం మీద సక్లముక్లం పెట్టుకొని అరువై ఒక్క ఏండ్ల భారతీయుడు. చప్పుడైతె తిరిగి చూసిన. ఇద్దరు తెల్ల ఆడోళ్లు దిండ్లు చంకల పెట్టుకొని, పైజమాలు మోకాళ్ల దాక ఎత్తి పట్టుకొని వస్తున్రు. ఇది పై తరగతి ధ్యానం అనుకున్నట్టున్నది. నాకు మొక్కి, చెరో పక్కన ఒరం మీద కూసోని కండ్లు మూసుకున్నరు. వద్దందామంటె నోరు లేదు. మంచిదే అయింది, ముగ్గురి బరువుకు ఒరం ఇంకింత బిగిసింది.

అప్పుడు ముసలాయన వచ్చిండు. తలకు రుమాలు, భుజం మీద పార. మమ్ముల ముగ్గురిని చూసి, పార దించి, కొద్దిసేపు ఊకెనే నిలబడ్డడు. నేను ఘనకార్యం చేసినట్టు దిండును చూపిచ్చి, పై మడిని చూపిచ్చి, ఏం ఫికరు లేదన్నట్టు చెయ్యి ఊపిన. ఆయన కింది మడిని చూపిచ్చిండు. నేను మల్ల పై మడిని. ఆయన మల్ల కింద. నేను ఎండ్రికాయ లెక్క వేళ్లు ఆడిచ్చిన. ఆయన తన వేళ్ల దిక్కు చూసుకున్నడు. ఇంతల కింది మడుల నుంచి ఎవరో అరుసుడు మొదలువెట్టిన్రు. భాష రాదు, కాని ప్రతి ముక్కా అర్థమైంది. మా మేజరు మీద నీళ్లాగినప్పుడు గదే రాగంల తిడ్తరు.

ముసలాయన ఒంగి, నా తొడ పక్కన నేనేసిన బురదను చేత్తో తుడిసిండు. కింద చెక్క దుంగ. దుంగకు గీటు పెట్టినట్టు నున్నగ చెక్కిన గాడి. నేను కూసున్నది గండి మీద కాదు, తూము మీద. ఆ నీళ్లు కింది రైతు వంతువి.

నేను లేస్తనని సైగ చేసేలోపే ఆయన దిండు చెవి పట్టి గుంజిండు. లోపల ఆగిన నీళ్లన్నీ ఒక్కసారే దుంకినయ్, నేను వాటితోనే వెల్లకిల కింది మడిలకు. ఆ రోజు నా నోట్లెకెళ్లి వచ్చింది ఒకటే మాట.

"ఓరి నీయవ్వ!"

కొండంత మార్మోగింది. తెల్ల ఆడోళ్లిద్దరు కండ్లు తెరిచి, చేతులు జోడించి, మెల్లగ, భక్తితోని అన్నరు: "నీ... యవ్వ..."

అరుగు మీద మా ఆమె నోట్లె చున్నీ కుక్కుకున్నది.

ముసలాయన మంచోడు. లేపి, కాల్వల కాళ్లు కడుక్కోమని చూపిచ్చి, లవంగాల వాసనొచ్చే సిగరెట్టిచ్చిండు. పైస అడగలే. అడిగింది నవ్వే పిల్ల. దిండుకు 4 లక్షలు, బట్టలకు 2 లక్షలు, మౌనం తప్పినందుకు సర్టిఫికెట్ రాదు. పైంగ మెల్లగ, "సార్, మా మెనూల బురద థెరపీ ఉంటది, మీకు గంత ఇష్టమైతె ముందే చెప్పాల్సింది" అన్నది. మడిల దొర్లింది థెరపీ కింద బిల్లుల కలపలేదు, అదొక్కటి దయ. ముప్పై ఏండ్లు లెక్కలు రాసినోన్ని, నేనూ ఇడువలే. పైసలు కట్టినంక దిండు నాదే కదా అన్న. నవ్వింది. కాని ఇచ్చింది.

తడి దిండుతోని సామాను తూకం దాటింది, విమానపోళ్లు గుంజిన్రు. ఆ లెక్క మా ఆమెకు చెప్పలే. నిన్న రాత్రి ఇల్లు చేరినం. పొద్దుగాల ఆమె దాన్ని బకెట్ల రెండుసార్లు ఉతికి పిట్టగోడ మీద ఆరేసింది. బూరుగు దూది ఎంత నీళ్లు తాగిందో, ఇప్పటికీ కారుతనే ఉన్నది. కింది పోర్షనామె అరుస్తున్నది, పైన్నుంచి నీళ్లు వాళ్ల గుమ్మంల పడుతున్నయట. పోయి చూసొస్త.