గుల్లకు పాస్‌పోర్టు కావలెను

మన నెల్లూరు జిల్లాలో పుట్టే ప్రాణులన్నిటిలోకీ మర్యాదగా బతికేది ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెరువుల్లో పెంచే వనామీ రొయ్య అంటాను. పట్టుబడికి ముందే దాని శాంపిల్ ల్యాబుకు పోతుంది. తల తీసి, పెంకు ఒలిచి, మెత్తగా రుబ్బి, అందులో క్లోరాంఫెనికాల్ ఉందా, నైట్రోఫ్యూరాన్ ఉందా అని నిషేధించిన యాంటీబయాటిక్ మందుల కోసం వెతుకుతారు. యూరప్ వాళ్ల లెక్కలో క్లోరాంఫెనికాల్ కిలోకు 0.3 మైక్రోగ్రాములుంటే చాలు, సరుకు వెనక్కి. అది కూడా మరీ ఉదారంగా ఉందనిపించి 2022 నవంబరులో 0.15 చేశారు. అంతటితో ఊరుకున్నారా? మన దేశం నుంచి వచ్చే చెరువు రొయ్యల సరుకులో సగానికి సగం అక్కడి రేవులో మళ్లీ పరీక్షించాలని 2016లోనే రూలు పెట్టుకున్నారు. కోటి రూపాయల కట్నం ఇచ్చి తెచ్చుకునే అల్లుడి గురించి కూడా మనవాళ్లు ఇంత వాకబు చేయరు.

మంచిదే. రొయ్య మీద నాకేం కోపం లేదు. నా మొర దాని పక్కింటి ప్రాణి, బురదలో బతికే రెండు పెంకుల గుల్ల గురించి.

కృష్ణపట్నం దగ్గర కండలేరు సముద్రంలో కలిసే చోట, పోటు తగ్గి నీళ్లు నడుం లోతుకు రాగానే యానాది ఆడవాళ్లు క్రీకులోకి, అంటే ఆ ఉప్పునీటి పాయలోకి, దిగుతారు. పక్కన సత్తు గిన్నె తేలుతుంటుంది, దాని తాడు నడుముకు కట్టి ఉంటుంది. కాళ్లతో బురద తడుముతారు, తగిలిందనిపిస్తే ముణిగి తీస్తారు. గిన్నె నిండేసరికి వేళ్ల కొసలు తెల్లగా ముడతలు పడిపోతాయి. ఇంటికి తెచ్చి ఉడకబెట్టి ఒలిచిన గుల్ల మాంసం కొంత కూరకు, కొంత అమ్మకానికి. పెంకులు సున్నానికి. వీటిని ఎవరైనా పరీక్ష చేస్తారా అమ్మా అని ఒకామెను అడిగాను.

"ఎందుకు చెయ్యం సామీ? ఉడికేటప్పుడు నోరు తెరిస్తే మంచిది. తెరవలేదంటే ముందే చచ్చిందని పారేస్తాం."

ల్యాబులో చేసే ఎలైజా పరీక్ష కన్నా చవక, రిపోర్టు కూడా అప్పటికప్పుడే. కిడ్నీలను దెబ్బతీసే కాడ్మియం అనే లోహం సంగతి మాత్రం తేలదు.

రొయ్యల గుంటకు నీళ్లు తోడేది ఈ క్రీకులోంచే, వదిలేదీ ఈ క్రీకులోకే. ఒకరి గుంట మురుగు పక్కవాడి మోటారుకు మంచినీళ్లు. 1994లో వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు వచ్చినప్పుడు ఈ ఏర్పాటు పుణ్యాన రోగం ఎంత హాయిగా ఊళ్లు తిరిగిందో పాత రైతులకు గుర్తే. అదే నీళ్లలో పెరిగిన ఒక ప్రాణికి అడుగడుగునా పరీక్షలు, ఇంకో ప్రాణికి ఒక్కటీ లేదు. తేడా ఎక్కడుందా అని నేను చాలాసేపు ఆలోచించాను. రొయ్యను తినేవాడు బ్రస్సెల్స్‌లో ఉంటాడు. గుల్లను తినేవాడు ముత్తుకూరులో ఉంటాడు. ముత్తుకూరు కిడ్నీలు గట్టివని ప్రభుత్వానికి నమ్మకం కాబోలు.

శాస్త్రాన్ని అడిగితే ముందు గుల్లనే చూడమంటుంది. చెరువు రొయ్య మూడు నాలుగు నెలల అతిథి, మేత పెడితే తిని పోతుంది. గుల్లకు పోవడమనేది లేదు. ఉన్నచోటనే ఉండి నీళ్లను వడగట్టుకుని అందులో దొరికింది తింటుంది. బాగా ఎదిగిన ఆల్చిప్ప అన్నీ కలిసొచ్చిన రోజున 100 లీటర్లకు పైనే వడగడుతుంది. నీళ్లు బయటికి పోతాయి, సీసం, కాడ్మియం, పాదరసం ఒంట్లో పేరుకుంటాయి. శుభ్రమైన నీళ్లలో రెండు రోజులు పెడితే క్రిములు చాలావరకు పోతాయి గానీ లోహాలు అంత సులువుగా కదలవు. తీరం ఎంత పాడైందో తెలియాలంటే గుల్లజాతి జీవుల్ని పరీక్షించండని ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1975లోనే చెప్పాడు. 1986 నుంచి వాళ్ల ప్రభుత్వం ఆ పని చేస్తోంది.

మనది సీసా పద్ధతి, గుల్లను వదిలేసి నీళ్లను పట్టుకుపోయి పరీక్షిస్తారు. పోటు మీదున్నప్పుడు, అంటే సముద్రం లోపలికి తోసుకొచ్చి క్రీకును కడిగేస్తున్నప్పుడు, సీసాను మూడుసార్లు కడిగి, ముంచి, లేబుల్ అంటించుకుని పోతే ఎవరికీ టెన్షన్ ఉండదు. రాత్రి వదిలింది ఆ సీసాలో పడదు. గుల్ల మాత్రం రాత్రి కూడా డ్యూటీలోనే ఉంటుంది. జీతం లేదు, సెలవు లేదు, బదిలీ చేయించే వీలు అంతకన్నా లేదు. ఇలాంటి ఉద్యోగి వాంగ్మూలాన్ని ఏ ఆఫీసు మాత్రం ఇష్టపడి తీసుకుంటుంది?

ఇక దాని ఒంట్లోకి ఏమేం చేరే వీలుందో చూద్దాం. పైన వరిపొలాలున్నాయి. మొలగొలుకుల సీమలో దోమకు, కాండం తొలిచే పురుగుకు మందు కొట్టకపోతే గింజ ఇంటికి రాదు, రైతును అని లాభం లేదు. తొలి వానకు ఆ మందు డ్రెయిన్లోంచి క్రీకులోకి దిగుతుంది. చిక్కేమిటంటే పురుగుకూ, రొయ్యకూ, ఎండ్రకాయకూ చుట్టరికం ఉంది. మూడూ కీళ్లకాళ్ల జీవులే. సైపర్‌మెత్రిన్ లాంటి మందు పురుగును ఎక్కడ కొడుతుందో రొయ్యనూ అక్కడే కొడుతుంది. డబ్బా మీద ఎండ్రకాయ బొమ్మ వేయలేదన్న సంగతి మందుకు తెలియదు. కరెంటు కోసం కాల్చే బొగ్గు బూడిద కూడా ఉంది. అందులో ఆర్సెనిక్, సీసం, పాదరసం కొద్దికొద్దిగా ఉంటాయి. అది క్రీకులోకి చేరుతోందా అని మనుషుల్ని అడిగితే ఎవరి జవాబు వాళ్లకుంటుంది, కాబట్టి వదిలేద్దాం.

వీటన్నిటిలో నాకు నచ్చింది ఓడల రంగు. ఓడ అడుగున గుల్లలు పట్టకుండా ట్రైబ్యూటైల్ టిన్ అనే రసాయనం కలిపి పూసేవాళ్లు. గుల్లల్ని చంపడానికే పుట్టిన మందు, చాటుమాటు లేదు, దాని నిజాయతీని మెచ్చుకోవాలి. ఫ్రాన్సులో ఆర్కషాన్ అనే ఉప్పుకయ్య (సముద్రపు నీటి మడుగు) ఉంది. అక్కడ 1970ల చివర్లో ఆల్చిప్పల పెంకులు అడ్డదిడ్డంగా మందమెక్కి, పిల్లలు నిలవకుండా పోయాయి. ఈ రంగే కారణమని తేలాక 1982లో చిన్న పడవలకు దాన్ని ఆపేశారు. ఈ మందు తగిలిన సముద్రపు ఆడ నత్తలకు మగ అవయవాలు మొలిచాయి కూడా. ప్రపంచమంతటా దాన్ని నిషేధించిన ఒప్పందం అమల్లోకి వచ్చింది 2008లో. గుల్ల పెంకు మందమైనంత తొందరగా ఒప్పందాలు మందం కావు మరి.

ఈ విషయంలో మన చట్టాలు చురుకైనవి. సముద్రపు ఒడ్డున ఆంక్షలుండే తీర నియంత్రణ మండలంలో పాతకాలపు పద్ధతివి తప్ప మిగతా రొయ్యల గుంటలు తీసేయాలని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి, ఆ నిషేధం ఆక్వాకు వర్తించదన్న మాటను ఆ మండలాన్ని ఏర్పరచిన 1991 నాటి నోటిఫికేషన్లో, 1991 నుంచే అక్కడ ఉన్నట్టుగా చేర్చింది. గుల్ల ఒంట్లోని సీసానికి కూడా ఇలా పాత తేదీ వేసి మినహాయింపు ఇచ్చే సెక్షన్ ఒకటుంటే ఈ వ్యాసం రాయాల్సిన పనే ఉండేది కాదు. పులికాట్ సరస్సును మాత్రం మనం తెలివిగా వదిలించుకున్నాం. 2022లో అది తిరుపతి జిల్లాకు పోయింది. అక్కడి గుల్లల కష్టాలు ఏడుకొండలవాడే చూసుకుంటాడు.

అందుకని నా విన్నపం ఇది. పరీక్షలన్నీ విదేశాలకు పోయే ప్రాణులకే కాబట్టి కండలేరు గుల్లకు పాస్‌పోర్టు ఇప్పించండి. నిజంగా పంపనక్కర్లేదు, పంపుతామని పుకారు పుట్టిస్తే చాలు. యూరప్ వాళ్లు గుల్లలో కాడ్మియం కిలోకు 1 మిల్లీగ్రాము దాటకూడదంటారు గనక తెల్లారేసరికి మనకూ ల్యాబు వస్తుంది, కిట్లు వస్తాయి, పోటు తీసేదాకా ఆగి శాంపిల్ పట్టే ఆఫీసరు కూడా వస్తాడు. పోలీసు వెరిఫికేషన్‌కు ఇబ్బంది లేదు, స్థిర నివాసం విషయంలో ఈ జిల్లాలో దానంత నికార్సైన దరఖాస్తుదారు ఇంకొకరు దొరకరు. ఫొటోలో నోరు మూసుకుని ఉండాలన్న నిబంధన ఒకటుంది. ఉడకబెట్టకముందే తీయించుకుంటే సరిపోతుంది.