బండికి కొత్త రంగు వేయండి, చోటు మాత్రం లాక్కోకండి

ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో పొద్దున్నే టిఫిన్ బండి దగ్గర నిలబడితే, "రెండు బరా ఇచ్చి గుగుని కొంచెం ఎక్కువ వెయ్యి బావూ" అని అడిగేవాళ్లది ఏ ఇంటి భాషో పోల్చుకోలేం. మన గారె అక్కడ బరా, బఠాణీ కూర గుగుని. మన అట్టుకు దగ్గరి చుట్టం చకుళి. అట్టు, చకుళి రెండిటి పిండీ బియ్యం, మినప్పప్పే. పూరీతో ఉప్మా నంజుకోవడం చూసి బయటి ఊళ్ల చుట్టాలు విస్తుపోతారు గానీ, బరంపురానికి అది రోజువారీ తిండి. 1936 ఏప్రిల్ 1న గంజాం, కొరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వెళ్లాయి. ఆఫీసు కాగితాల భాష మారినా, పొద్దుటి టిఫిన్‌ను రెండు భాషలవాళ్లూ కలిసే తింటున్నారు.

ఇప్పుడు ఈ వీధి తిండికి కొత్త హంగులు వస్తున్నాయి. వాటిలో నాకు మనస్ఫూర్తిగా నచ్చింది చోడి, అంటే రాగి, తిరిగి రావడం. ఒడియాలో దాన్ని మాండియా అంటారు. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్‌ను మొదట 7 జిల్లాల్లో పెట్టింది. అందులో గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కాన్‌గిరి నాలుగూ ఆంధ్ర సరిహద్దువే. మహిళా సంఘాలు నడిపే టిఫిన్ సెంటర్లలో చోడి ఇడ్లీ, దోసె, పకోడీ దొరుకుతున్నాయి. చోడంబలి తాగామని చెప్పుకోవడానికి సిగ్గుపడిన తరం మనకు తెలుసు. అదే గింజను ఇవాళ పిల్లలు అడిగి మరీ తింటుంటే కడుపు నిండినట్టుంటుంది. పైగా ఆ డబ్బు కొండ మీది రైతుకు కూడా చేరే దారి ఉంది.

అడ్డాకు విషయంలో మాత్రం మనం వెనక్కే వెళ్లాం. తూర్పు కనుమల్లో అడవి బిడ్డలు ఏరి, ఈనుపుల్లలతో కుట్టిన దొప్పలో వేడి గుగుని తింటే ఆకు వాసన కూడా రుచిలో కలుస్తుంది. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు నిషేధం. అప్పుడు దొప్ప తిరిగి రావాల్సింది. వచ్చింది మాత్రం లోపల పల్చటి పొర అంటించిన పేపర్ ప్లేటు. ఈ ఒక్క మార్పుకైనా పురపాలికలు దొప్పల కొనుగోలుకు సాయం చేయాలి.

ఇక అసలు టెన్షన్ చోటు గురించి. వీధి తిండి చవకగా ఉండేది అద్దె లేకపోవడం వల్లే. బస్టాండు పక్కన తెల్లవారుజామున పొయ్యి వెలిగేది హమాలీ కోసం, ఆటో డ్రైవర్ కోసం, తొలి బండి దిగిన ప్రయాణికుడి కోసం. లైట్లు పెట్టి, ఊరి చివర 'ఫుడ్ స్ట్రీట్' కట్టి బండ్లన్నీ అక్కడికి తోలితే సాయంత్రం కార్లలో వచ్చేవాళ్లకు బాగానే ఉంటుంది. హమాలీ అంత దూరం రాలేడు. 2014 వీధి వ్యాపారుల చట్టం సర్వే పూర్తయి, వ్యాపారులందరికీ సర్టిఫికెట్లు ఇచ్చే దాకా ఎవర్నీ లేపకూడదని చెప్పింది. ఊళ్లో వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలని, వారిలో మూడో వంతు మహిళలు కావాలని కూడా చెప్పింది. ఫుడ్ స్ట్రీట్‌కు శంకుస్థాపన చేసేముందు ఆ కమిటీ ఎన్నిసార్లు కూర్చుందో, అందులో బండి పెట్టుకున్న ఆడవాళ్లు ఎందరున్నారో ప్రతి పురపాలికా జనానికి చెప్పాలి.